బుడంకాయకు తొమ్మిదేళ్ళు

నా పేరు తహెరున్నీసా. భర్త అహ్మద్ అలీ, ఆయన ఇప్పుడు లేరు. వయసు పాస్‌పోర్టులో డెబ్బై ఒకటి అని ఉంది. ఆ లెక్క పాస్‌పోర్టు రాసినవాళ్ళది, నాది కాదు. సొంత ఊరు జగిత్యాల జిల్లా కోరుట్ల. ఆరేళ్ళుగా దోహాలో, అల్ మన్సూరాలో, నా కొడుకు ఉబైద్ ఇంట్లో ఉంటున్నాను. మూడో అంతస్తు. ఇంట్లో నలుగురం: ఉబైద్, కోడలు రఫియా, మనవరాలు మరీహా, నేను. మరీహాకు పన్నెండేళ్ళు. నేను పూర్వం బీడీలు చుట్టేదాన్ని. ఇప్పుడు ఏ పనీ లేదు. చదువు రాదు. నేను చెబుతున్నది దుబాసీ జహాంగీర్ తెలుగులో రాస్తున్నాడు. నా మాటను అందంగా చెయ్యవద్దని అతనికి ముందే చెప్పాను.

ఈ రోజు బుధవారం, ఫిబ్రవరి పన్నెండు. స్టేషనుకు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు వచ్చాను. కొడుకు తీసుకొచ్చాడు. దారి పొడవునా అతను ఒకటే మాట: "అమ్మీ, సారీ అని చెప్పెయ్, అయిపోతది." చేసిన దానికి సారీ చెబుతాను. చెయ్యని దానికి చెప్పను. ఇది కూడా రాయండి.

అధికారిగారు మొదట అడిగింది: డెబ్బై ఏళ్ళు దాటిన మనిషివి, పిల్లలకు నా వయసు తొమ్మిదేళ్ళని ఎందుకు చెప్పావు? జవాబు: అప్పుడు నాకు తొమ్మిదేళ్ళే. అది డిసెంబరు. జనవరిలో పది వచ్చాయి. ఇప్పుడు పదకొండు.

వివరంగా చెప్పమన్నారు, చెబుతున్నాను. హైదరాబాదు నుంచి కిచకిచ అనే పిల్లల మాసపత్రిక వస్తుంది. దాన్ని చదివే పిల్లలు ఫోనులో కలుసుకునే చోటు ఒకటి ఉంది, దాన్ని గూడు అంటారు. రఫియా తెలుగు మీడియంలో చదివిన పిల్ల, కూతురికి తెలుగు అక్షరాలు తనే నేర్పింది. అవి మరచిపోకుండా ఉండాలని రోజూ నాలుగున్నరకు, అస్ర్ నమాజు అయ్యాక, మరీహా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కిచకిచ పైకి చదవాలి. వినడం నా వంతు. అలా మొదలైంది. నిరుడు ఏప్రిల్.

గూట్లో సొంత పేరు చెప్పకూడదు. కాయ పేరో, పండు పేరో, గింజ పేరో, పిట్ట పేరో, చిన్న జంతువు పేరో పెట్టుకోవాలి. మరీహా పేరు ఖర్జూరం. వయసు కూడా మన ఏళ్ళలో చెప్పకూడదు. ఎన్ని సంచికలు చదివితే అన్నేళ్ళు. ఎనిమిదో తరగతి చదివే ఉడుత అనే పిల్లకు తొంభై ఆరేళ్ళు. అందరూ ఆమెను ముసలమ్మా అని ఏడిపిస్తారు. పొడుపు కథకు తప్పు విడుపు చెప్పినవాళ్ళకు కాకి శిక్ష. మూడుసార్లు కావ్ కావ్ అని అరిచి, ఆ అరుపు అందరికీ పంపాలి. గొంతుతో పంపేదాన్ని అక్కడ పలుకు అంటారు. కొన్నాళ్ళు కనబడకుండా పోయి తిరిగి వచ్చినవాళ్ళు "గుడ్డు పొదిగాను" అంటే చాలు. ఎక్కడికి పోయావు, ఎందుకు రాలేదు అని ఎవరూ అడగరు. ఆ కట్టుబాటు నాకు చాలా నచ్చింది. గూడు నడిపే ఆమెను పాలపిట్ట అక్క అంటారు.

ఒక రోజు ఒక పొడుపు కథకు పిల్లలు ఎవరూ విడుపు చెప్పలేకపోయారు. నేను కిటికీ దగ్గర నుంచి అరిచాను, "రోకలి!" మరీహా ఫోను నా నోటి ముందు పెట్టింది. నా పలుకు వెళ్ళింది. వెంటనే ఒక పిల్ల పలికింది, "నువ్వెవరు? నీ మాట గమ్మత్తుగ ఉన్నది. పండ్లు ఊడినయా?" ఊడినయన్నాను. "నాకు కూడ రెండు ఊడినయి. నీకెన్ని?" అన్నీ అన్నాను. గూడంతా నవ్వింది. ఆ పిల్ల పేరు చింతపిక్క. ఇప్పుడు నా మీద ఫిర్యాదు పెట్టిన సీతాలక్ష్మి కూతురు ఆమెనే. అసలు పేరు తిరుమల అని నాకు ఈ రోజు ఇక్కడే తెలిసింది.

పేరు కావాలన్నారు. బుడంకాయ అని చెప్పాను. మరీహా ఉబైద్ పాత ఫోనులో ఆ పేరుతో నన్ను చేర్చింది. చేర్చమన్నది నేనే. పదహారేళ్ళు దాటినవాళ్ళు గూట్లోకి రాకూడదని కట్టుబాట్ల కాగితంలో చివర ఉందట. అది నాకు మొన్న స్టేషను నుంచి ఫోను వచ్చాక మరీహా చదివి వినిపించింది. ముందే చివరిదాకా చదవమని అడగలేదు, అది నా తప్పు. ఆ తప్పు నాది, మరీహాది కాదు. మరీహా పేరు కేసులో రాయవద్దు.

బుడంకాయ పేరు ఎందుకు చెప్పానంటే, అది నాకు ముందే ఉన్న పేరు. కోరుట్లలో మా ఇంటి వాకిట్లో పదకొండు మందిమి బీడీలు చుట్టేవాళ్ళం. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన కత్తెర. మాలో అక్షరం వచ్చింది ఒక్క నర్సవ్వకే. ఆమె మొగుడు గంగన్న పాత కాగితాల దుకాణంలో పని చేసేవాడు. అక్కడికి తూకానికి వచ్చిన పిల్లల పుస్తకాలు తెచ్చేవాడు. నర్సవ్వ చదివేది, మేము చుట్టేవాళ్ళం. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కనుక తలా ఇన్ని బీడీలు ఆమె చాటలో వేసేవాళ్ళం. పదకొండు మందిలో ఆమె కట్టలే అందరికంటే ముందు నిండేవి. కార్ఖానాలో కట్టలు చూసే మనిషి, "నర్సవ్వ చెయ్యి మిషినే" అని మెచ్చుకునేవాడు. మేము నోరు మూసుకుని ముసిముసిగా నవ్వేవాళ్ళం.

ఆ పుస్తకాలకు చివరి కాగితాలు ఉండేవి కావు. కథ సగంలో ఆగేది. మిగతాది మేమే కల్పించుకునేవాళ్ళం, ఒక్కో కథకు పదకొండు చివరలు. పొడుపు కథ కింద "విడుపు వచ్చే నెల" అని ఉండేది. వచ్చే నెల పుస్తకం మాకు ఎన్నడూ రాలేదు. అందుకని నర్సవ్వ సొంతంగా పొడుపు కథలు కట్టి, అదే తీరుగా "విడుపు వచ్చే నెల" అని ఊరించేది. నన్ను ఓ బుడంకాయ్ అని పిలిచేది. నేను పొట్టిగా, గుండ్రంగా ఉండేదాన్ని. ఇప్పుడూ అంతే. ఆమె బిడ్డ మా మధ్యలో పాకి, మా మధ్యలో నడిచింది. ఆ పిల్లను సుక్క అనేవాళ్ళం. బడిలో ఏం పేరు రాయించారో నాకు తెలియదు.

మరీహా మొదటిసారి గూడు తెరిచి పలుకులు వినిపించిన రోజు నాకు మా వాకిలి గుర్తుకొచ్చింది. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడటం, తప్పు చెప్పినదాన్ని ఏడిపించడం, చదివే మనిషి కోసం ఎదురు చూడటం. తంబాకు వాసన ఒక్కటే తక్కువ.

నర్సవ్వకూ నాకూ మాట పోయింది. ఇది 2003లో, ఎండాకాలంలో. నేను ముందు రోజు తడిపి పెట్టుకున్న ఆకు మీద ఆమె మళ్ళీ నీళ్ళు పోసింది. ఆకు నల్లబడింది. కత్తెరకు లొంగలేదు. పోసింది ఆమెనే. నేను ఒక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయించను. మూడు రోజులు ఒకే వాకిట్లో వీపుకు వీపు పెట్టుకుని కూర్చున్నాం. నాలుగో రోజు ఆమె పుస్తకం మూసి, ఎవరి వైపూ చూడకుండా ఒక పొడుపు కథ వేసింది:

"ఇద్దరు మోస్తరు, కండ్లకు కనబడది. ఒక్కలు దించితె ఇద్దరి నెత్తి మీదికెల్లి దిగుతది. ఏంది?"

నేను "కావడి" అన్నాను. కావడిని ఒక్కరే మోస్తారు, కండ్లకు కనబడుతుంది కూడా. అందరూ నవ్వారు. నర్సవ్వ నవ్వలేదు. "విడుపు వచ్చే నెల" అన్నది. ఆ నెలలోనే నా భర్త మమ్మల్ని హైదరాబాదు తీసుకుపోయాడు. నేను చెప్పకుండా వెళ్ళాను. తర్వాత కొన్నేళ్ళకు వెళ్ళి చూస్తే మా వాకిలి అమ్ముడుపోయింది, వాళ్ళ ఇంటికి వేరే తాళం ఉంది. ఎక్కడికి పోయారో చెప్పినవాళ్ళు లేరు.

ఇప్పుడు కేసు సంగతి. జనవరి ఇరవై ఎనిమిది, మంగళవారం, సాయంత్రం నాలుగు నలభైకి చింతపిక్క గూట్లో ఒక పొడుపు కథ వేసింది. ఇద్దరు మోస్తరు, కండ్లకు కనబడది. అదే మాట. మీదికెల్లి అనే మాటతో సహా అదే మాట. నేను టీ గ్లాసు కింద పెట్టాను. మరీహాను మళ్ళీ వినిపించమన్నాను. నాలుగుసార్లు వినిపించింది. "దాదీ, ఇంత సేపు ఆలోచిస్తే కాకి శిక్షే" అన్నది.

నేను చింతపిక్కను అడిగాను, "ఎవరు చెప్పిన్రు బిడ్డా నీకిది?" అమ్మమ్మ అన్నది. విడుపు ఏమిటన్నాను. "నాకు తెల్వది. అమ్మమ్మ వచ్చే నెల చెప్తదంట. ఎప్పుడడిగినా వచ్చే నెలనే అంటది" అన్నది.

అప్పటి నుంచి నేను అడిగిన మాటలు ఇవి. మీ అమ్మమ్మ పేరేంది? ఏ ఊరు? మీ ఇల్లు ఎక్కడ? ఇంట్ల ఎవరెవరు ఉంటరు? మొత్తం మూడు రోజుల్లో మూడుసార్లు అడిగాను. పాలపిట్ట అక్క, "బుడంకాయ్, గూట్లో ఊరూ పేరూ అడగకూడదు" అని ఒకసారి మందలించింది. అయినా అడిగాను. ఆ పిల్ల అల్ ఖోర్‌లో ఉంటామని ఒక్క మాట చెప్పి, "ఇంక చెప్తే నన్ను గూట్లకెల్లి తీసేస్తరు" అని ఊరుకుంది. అది నా తప్పు. పరాయి పిల్లను పట్టుకుని ఇంటి గుట్టు అడగడం తప్పే. నా మరీహాను ఎవరైనా అట్లా అడిగితే నేను ఈ స్టేషనుదాకా రాను, వాళ్ళ ఇంటికే పోతాను. సీతాలక్ష్మి మంచిదానిలాగా స్టేషనుకు వచ్చింది.

ఫిబ్రవరి ఆరున తన కూతురి ఫోనులో నా పలుకులు విన్నానని ఆమె రాసి ఇచ్చింది. ఏడో తారీఖు శుక్రవారం పాలపిట్ట అక్క నన్ను గూట్లో నుంచి తీసేసింది. తొమ్మిదిన ఇక్కడ ఫిర్యాదు పడింది. అందులో అన్నిటికంటే పెద్దదిగా చూపిన పలుకును అధికారిగారు ఈ గదిలో అందరి ముందు వినిపించారు. గొంతు నాదే. మాటలు ఇవి:

"దీపమార్పితె వస్త. చెవుల ఒక మాట చెప్త. మీ అమ్మ కొట్టవస్తె దొరుక. నేను పోయినంక చూస్కో, నా గుర్తు నీ చెయ్యి మీద ఉంటది."

ఉబైద్ తల దించుకున్నాడు. సీతాలక్ష్మి అటు తిరిగి కూర్చుంది. ఇట్లా రహస్యంగా వస్తానన్నది ఎవరు, ఎవరి తరఫున పిల్లకు చెప్పావని అధికారిగారు అడిగారు. నేను నా మోచేతి కింద గట్టిగా కొట్టుకుని చూపించాను. "దోమ!" అన్నాను. జహాంగీర్ అరబ్బీలో చెప్పాడు. అధికారిగారు మళ్ళీ అడిగారు. జహాంగీర్ మళ్ళీ చెప్పాడు, ఈసారి నోటితో గుయ్ మని కూడా అన్నాడు. అధికారిగారు తన మణికట్టు గోక్కున్నారు. గోక్కున్నట్టు రాయి బేటా అంటే జహాంగీర్, "పెద్దమ్మా, అది రాయగూడదు" అన్నాడు. రాయాలి అన్నాను.

గూట్లో పొడుపు కొమ్మ అనే చోట పెట్టిన ప్రతి మాటా పొడుపు కథే అని పిల్లలందరికీ తెలుసు. అందుకని నేనెవరు అని చివర అడగలేదు. విడిగా వినే తల్లికి అది ఎట్లా ఉంటుందో ఆలోచించలేదు. చింతపిక్క ఆ రోజే విడుపు చెప్పింది, చెంప మీద కొట్టుకున్న చప్పుడుతో సహా. ఆ పలుకు కూడా ఫోనులో ఉంది. వినండి.

నేను కోరేది ఒక్కటే. గూట్లోకి నన్ను మళ్ళీ చేర్చమని అడగను. పదకొండు ఏళ్ళు బతికాను, చాలు. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. కానీ ఈ కాగితం చదివి వినిపించేటప్పుడు ఇప్పుడు బయట కూర్చున్న సీతాలక్ష్మి కూడా ఈ గదిలోకి వచ్చి కూర్చోవాలి. తన తల్లి పేరేమిటో ఆమెను నేను అడగను. అడగబట్టే ఇంత అయింది. ఆమె వింటే చాలు. ఆమె వేరే ఎవరో అయితే అంతటితో లేచి వెళ్తుంది. నర్సవ్వ బిడ్డే అయితే, ఇద్దరు మోసేది ఏమిటో వాళ్ళ అమ్మను కనుక్కుని చెప్పాలి. ఇరవై రెండేళ్ళు గుడ్డు పొదిగాను. ఎందుకు రాలేదని నన్ను ఎవరూ అడగకూడదు, అది కట్టుబాటు.

ఇంకొక మాట. నా వేలిముద్రకు నా మీద కేసు పెట్టిన ఆ మనిషే సాక్షిగా ఉండాలి. ఆమె ఒప్పుకుంటేనే వేస్తాను.

పైన ఉన్నదంతా నా నోట వచ్చింది. జహాంగీర్ చదివి వినిపించాడు. రెండు చోట్ల ఆపి సరిచేయించాను. ఇందులో కల్పించింది లేదు, ఒక్క తిట్టు తప్ప దాచింది లేదు. ముద్ర సరిగ్గా పడకపోతే అది మోసం కాదు. నా బొటనవేలి గీతలు తునికాకు తినేసింది. విమానం దగ్గర మిషను కూడా నన్ను గుర్తుపట్టలేదు.

తహెరున్నీసా, ఎడమచేతి బొటనవేలి ముద్ర (మూడోసారి పడింది)

సాక్షులు:

ఒకటి. జహాంగీర్, దుబాసీ. సంతకం.

రెండు. సీతాలక్ష్మి, భర్త మారుతి, వయసు ముప్పై మూడు, అల్ ఖోర్. ఇంట్లో పిలిచే పేరు సుక్క. సంతకం.

రెండో సాక్షి తన చేత్తో రాసినది: మా అమ్మ నర్సవ్వ మెట్‌పల్లిలో మా అన్న దగ్గర ఉంది. ఇప్పుడే ఈ గదిలో నుంచే ఫోను చేశాను. విడుపు: అలుగుడు. ఆకు మీద నీళ్ళు పోసింది తాను కాదని, బుడంకాయే పోసుకుని మరచిపోయిందని, ఈ మాట కాగితంలో ఎక్కించనిదే ఊరుకోవద్దని మా అమ్మ చెప్పింది. ఎక్కించాను.