వదిన నాలుక

ఆ స్టూలు ఇటు లాక్కుని కూర్చో అమ్మడూ. సూపు ఇంకా మరగాలి, ఈలోపు నువ్వు అడిగిన మా వదిన సంగతి చెప్తాను. చెప్తాను గానీ, ఏది ముందో ఏది తర్వాతో ఈమధ్య నాకు కలగాపులగం అయిపోతోంది. వదినకి జ్వరం వచ్చింది ముందా, ఆస్పత్రి వంటింట్లో గ్యాసు పొయ్యిలు పెట్టింది ముందా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. తేలలేదు. నవ్వకు. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయిన దగ్గర్నుంచి మీ నాన్న నన్ను ఈ వంటింటి గడప దాటనివ్వడం లేదు. "ఇంక చాల్లే అమ్మా, హాయిగా కూర్చో" అంటాడు. ఎంత మెత్తగా అంటాడో. హాయిగా కూర్చోవడం ఎంత కష్టమో వాడికేం తెలుసు. ఇవాళ వాడూ మీ అమ్మా సాయంత్రం దాకా రారు కాబట్టి సరిపోయింది. వాళ్ళు వచ్చేసరికి ఈ సూపు కుదిరితే, వాడికో గిన్నె పోసి, తాగి చెప్పరా అంటాను. అప్పుడు మాట్లాడమను, కూర్చోమని. ఆ మసిగుడ్డ ఇలా ఇవ్వు. అది కాదు, ఎర్ర అంచుది. పాతదే, అదే కావాలి.

వదినంటే మీ తాతయ్యకి అక్క. పెళ్ళైన నాలుగేళ్ళకే భర్త పోతే మాతోనే ఉండేది. పెద్దాస్పత్రి వంటింట్లో పెద్దవంటావిడ. నన్నూ తీసుకెళ్ళి కూరలు తరగడానికి పెట్టించింది. అప్పటికి నాకు చదువు లేదు. రోగుల మంచాలకి తగిలించిన కాగితాలు చూసి ఒక్కో అక్షరం నేర్చుకున్నాను. ఉప్పు లేకుండా, పంచదార లేకుండా, మెత్తగా. నా ఒకటో తరగతి పుస్తకం అదే. తర్వాత ఇంక దొరికిందల్లా చదివాననుకో. మొన్నామధ్య పేపర్లో రాశారు, కూరగాయలు తరిగాక కడగకూడదు, కడిగాక తరగాలి, లేకపోతే సారమంతా నీళ్ళలో పోతుందని. ఎవరో పెద్ద డాక్టరు ఫోటో కూడా వేశారు. నాకు నవ్వొచ్చింది. తరిగిన క్యారెట్లు నీళ్ళల్లో పడేశానని మొదటి రోజే నాతో అంది మా వదిన, "ఏం మరదలా, బలమంతా తూముకి తాగిస్తున్నావా" అని. అందరూ విన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ దగ్గర ఏదీ ఊరికే జరిగేది కాదు. బంగాళాదుంపలు రెండు గిన్నెల్లో ఉడికేవి. మామూలు వార్డుకైతే ఉడికించిన నీళ్ళు కూడా సూపులోకి. మూత్రపిండాల జబ్బు వాళ్ళకైతే ముక్కలు చిన్నగా తరిగి, నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. దుంప అదే, పొయ్యి అదే. ఎవరి గిన్నె ఎటు వెళ్తోందో తెలియాలి అనేది. గింజలు ముందు రోజే నానబెట్టి ఆ నీళ్ళు వంపేసేది, కడుపులో గాలి తగ్గుతుందని. వేయించిన నూనె మళ్ళీ మళ్ళీ కాచనిచ్చేది కాదు. ఉప్పు తగ్గించమన్న వార్డుకి ఆవిడ వండితే ఉప్పు తక్కువైందని నాలుకకి తెలిసేది కాదు. ఉల్లిపాయలు సన్న సెగన తేనె రంగు వచ్చేదాకా వేయించేది. దింపాక నిమ్మరసం. ఉప్పు కూడా చివర్లోనే. మొదట్లో వేస్తే ముక్క లోపలికి పోయి దాక్కుంటుందట, చివర్లో చిటికెడు వేస్తే నాలుకకి ఎదురొచ్చి పలకరిస్తుందట. ఉండు, మాటల్లో పడి మర్చిపోతాను, ఉప్పు వేసేస్తాను. ఇదిగో, ఇంతే. ఒక్క చెంచా కూడా కాదు. మూత పెట్టు.

ఎక్కడున్నాను? జ్వరం. ఓ చలికాలం పదిహేను రోజులు పడుకుంది. జ్వరం తగ్గింది గానీ రుచీ వాసనా తిరిగి రాలేదు. మొదటి రోజు పనిలోకి వచ్చి సూపు నోట్లో పోసుకుని అలాగే నిలబడింది. మింగలేదు, ఉమ్మలేదు. తర్వాత నన్ను సామాన్ల గదిలోకి లాక్కెళ్ళి, బస్తాల మధ్య నిలబెట్టి చెప్పింది. "వేడి నీళ్ళు తాగినట్టుంది మరదలా. బయటికి తెలిస్తే నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. నేనింక దేనికి పనికొస్తాను?"  అంత మనిషీ నా చెయ్యి పట్టుకుంది.

అప్పట్నుంచి రుచి చూసేది నేను. వండేది ఆవిడ. మాకో లెక్క ఉండేది. నేను చూసి గరిటతో గిన్నె అంచు మీద ఒకసారి కొడితే ఉప్పు చాల్లేదని. రెండుసార్లు కొడితే సరిపోయిందని. కొట్టకుండా గరిట కింద పెట్టేస్తే ఎక్కువైందని. ఎంతమంది మధ్యలోనైనా ఎవరికీ అనుమానం రాలేదు. గరిట చప్పుడు వంటింట్లో ఎవరికి వింత? అలా ఆరేళ్ళు. ఆరా, ఏడా? మీ నాన్న బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు, అంటే ఏడే అయ్యుంటుంది. పోనీ, ఆరనుకో.

ఇంక ఆ దర్జీ సంగతి. గుండె వార్డులో రెండు నెలలున్నాడు. ఉప్పులేని తిండి తిననని మొదట్లో పళ్ళెం తోసేసేవాడట, వార్డు నర్సు మొత్తుకునేది. తర్వాత తర్వాత పళ్ళెం నాకేసేవాడు. ఇంటికి వెళ్ళాక వదినకి ఓ ఏప్రాను కుట్టి తెచ్చాడు. తెల్ల గుడ్డ, ఎర్ర అంచు, పెద్ద జేబు. వంటింట్లో అందరి ముందూ ఇచ్చి, "మీ చేతి రుచి బతికించిందమ్మా" అన్నాడు. చేతి రుచి. నేను పక్కనే నిలబడి వంకాయలు తరుగుతున్నాను. నాలుక ఎవరిది అని అరవాలనిపించింది. వదిన నా వంక చూసింది, ఏదో అనబోయింది, అందరూ ఉన్నారని ఊరుకుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను. మీ తాతయ్య అడిగారు కూడా, "ఏమిటి మీరిద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్నారు" అని. ఏం లేదన్నాను.

మూడో రోజు గుండె వార్డు గిన్నె దింపుతున్నారు. రుచి చూశాను. ఉప్పు. వదిన పరధ్యానంలో రెండుసార్లు వేసినట్టుంది. నా మీద దిగులుతోనే అలా జరిగిందేమో, ఏమో. నేను గరిట కింద పెట్టేయాలి కదా. పెట్టలేదు. రెండుసార్లు కొట్టాను, సరిపోయిందని.

కావాలనే కొట్టాను తల్లీ. అన్నీ జారిపోతున్నాయి గానీ ఇది పోలేదు. ఇది కూడా పోతుందేమోనని నాకు భయం. ఇది పోతే ఆవిడ తర్వాత చేసింది కూడా దీంతోపాటే పోతుంది.

గిన్నె బండి మీదికి ఎక్కించారు. వదిన వెళ్ళి బండికి అడ్డంగా నిలబడి, "దింపండి" అంది. దింపించి ఆ సూపంతా మామూలు వార్డు పెద్ద గిన్నెలో, దానికింకా ఉప్పు వేయలేదు, అందులో పోసేసింది. మళ్ళీ ఉల్లిపాయలు తెమ్మంది. నన్ను ఒక్క మాట అనలేదు. రెండో గిన్నె ఉడికేదాకా నేను తల ఎత్తకుండా ఉల్లిపాయలు తరిగాను. ఎలా తెలిసిందో అర్థం కాలేదు. అందరూ పళ్ళేలు కడుక్కునే వేళకి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "ఉప్పెక్కువైతే నువ్వు రెండు గుటకలు వేస్తావు మరదలా. బాగుంటే ఒకటే. నేను గరిట ఎప్పుడు విన్నానని? నీ గొంతే వింటాను." ఇన్నేళ్ళూ గిన్నె పక్కన నిలబడి అలా చెవి నావైపు పెట్టి వింటోందన్నమాట. నా గుటక నాకే తెలియదు. కన్నతల్లి కూడా అంత విని ఉండదు. ఆ వార్డు వాళ్ళకి కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరాడక కూర్చునే నిద్రపోతారు, అదొక్కటి తలుచుకోవాల్సింది అంది.  తిట్టినా బాగుండేది.

మర్నాడు భోజనాలు చూసే డాక్టరమ్మ దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నా తప్పు చెప్తుందనుకున్నాను. తన సంగతి చెప్పింది. "నాకు రుచి పోయి ఇన్నేళ్ళైందమ్మా. నాలుక దీనిదే. వంటింటి గోడకున్న పలక మీద వంట అని రాసేచోట దీని పేరు రాయండి" అంది.  డాక్టరమ్మ మూడు వార్డుల సూపు మూడు గ్లాసుల్లో తెప్పించి నాచేత రుచి చూపించింది, ఏది ఏ వార్డుదో చెప్పాను. "నీ పేరు రాయడం వచ్చా" అంది. వచ్చు. నా చేత్తోనే రాశాను, వదిన పేరు తడిగుడ్డతో తుడిచేసిన చోట. తుడిచింది ఆవిడే. నన్ను తుడవనివ్వలేదు.

ఏప్రాను విప్పి నా మెడలో వేసి, తను వెళ్ళి వెనక గుమ్మం దగ్గర కూరలు తరిగే పీట మీద కూర్చుంది. పోయేదాకా అక్కడే. ఎవరైనా ఏమిటిదని అడిగితే, "నాకు తరగడం ఇష్టం" అనేది. నేను పొయ్యి దగ్గర రుచి చూసి ఇంకా ఏమీ అనకముందే వెనక నుంచి, "ఇంకో నిమ్మచెక్క మరదలా" అని గొంతు వచ్చేది. ముప్పై ఏళ్ళైంది ఆ గొంతు ఆగిపోయి. ఇప్పటికీ ఏది రుచి చూసినా నేను ఓ క్షణం ఆగుతాను, వెనక నుంచి ఎవరైనా ఏమంటారో అని. ఏమీ వినపడదు. ఏప్రాను అరిగి అరిగి చివరికి ఇంతైంది. ఆఁ, ఇదే. ఈ మసిగుడ్డే. అందుకే మీ అమ్మ ఎన్నిసార్లు పారేయబోయినా ఇవ్వలేదు.

మరిగింది, వాసన వస్తోంది. దింపేముందు ఉప్పు వేయాలి, చెప్పానుగా, చివర్లోనే. ఇదిగో. ఏమిటలా చూస్తున్నావు? నిమ్మకాయ పిండు, గింజలు పడకుండా. ఆ, చాలు. ఇప్పుడు గిన్నెలో పోసుకో, ఊదుకుని తాగు. మీ నాన్న కంటే ముందు నువ్వు చెప్పాలి.

ఎలా ఉంది? బాగుందా. చాలా బాగుందా.

ఇటు చూసి చెప్పు.

రెండు గుటకలు వేశావు.

లేదులే, వేశావు. నాకు వినపడింది. నీ తప్పేం లేదు, నువ్వు ముసలిదాన్ని బాధపెట్టకూడదనుకున్నావు. మరి కాసిని నీళ్ళు పోసి, ఓ దుంప తరిగి వేద్దాం, సాయంత్రానికి పనికొస్తుంది. కాదు, నువ్వు వెయ్యి. నువ్వు ఇటొచ్చి నిలబడు. ఈ గుడ్డ నీ దగ్గర ఉంచుకో, గిన్నె చెవులు కాలతాయి. నాకా పీటా కత్తీ ఇవ్వు, రేపట్నుంచి కూరలు తరుగుతాను. మీ నాన్నకి నేనే చెప్తానులే, నువ్వు చెప్పొద్దు. కడిగాకే తరుగుతాను, భయపడకు. అన్నట్టు, ఆ అరలో డబ్బాల మీద నిన్న పేర్లు రాసి అంటించింది నేనే. ఒక్కోటీ మూత తీసి, లోపలున్నదీ పైన రాసిందీ ఒకటేనో కాదో చూడు తల్లీ.