బొమ్మ వైపు

నాన్న దాచుకున్న వెండి నాణేనికి, పాత నాణేల నాణ్యత తేల్చే నిపుణులు తక్కువ గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి తిప్పి పంపారు. అక్క ఇంటి ముందుగదిలో దాన్ని చూడగానే తమ్ముడు మండిపడ్డాడు.

“బొమ్మ వైపు వేలిముద్ర ఉందట. అందుకే తగ్గించారు. డబ్బీ పగలగొట్టి, నాణేన్ని మరకలు పోగొట్టే మందులో ముంచి మళ్ళీ పంపుదాం.”

“కడిగిన నాణెమని ఇట్టే పట్టేస్తారు. ఉన్న గ్రేడు కూడా పోతుంది.”

“పోతే పోనీ. నీకెందుకంత బాధ? ఆ వేలు నీదా ఏంటి?”

“నాన్నది.”

“కబుర్లు చెప్పకు. నాన్న జన్మలో నాణేన్ని అంచు తప్ప ముట్టుకోలేదు. మనం ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టేవాడు.”

“చివరి ఏడాది అంచేదో మధ్యేదో ఆయనకి తెలిసేది కాదురా. గుప్పిట్లో పెట్టుకుని నిద్రపోయేవారు. రెండు వీధుల అవతలే ఉన్నావు. ఒక్కసారి వచ్చి చూసుంటే నీకూ తెలిసేది.”

“ఈ దెప్పిపొడుపులు ఇంకెన్నాళ్ళక్కా? నా సగం నాకిచ్చెయ్, పోతాను.”

అక్కకి ఒళ్ళు మండిపోయింది. డబ్బీని వాడి ముందుకు తోసింది.

“బొరుసు వైపంతా నీదే, తీసుకో. బొమ్మ వైపు నాది. ఒక్క వైపే ముంచడం చేతనైతే ముంచుకో.”

తమ్ముడు డబ్బీని కిటికీ వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

“నాన్న నన్ను అడిగేవాడా?”

“ఎందుకడుగుతారు? నన్నే నువ్వనుకునేవారు. నీ పేరు పెట్టే పిలిచేవారు. పలికేదాన్ని.”

తమ్ముడు డబ్బీని బల్లమీద పెట్టేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అక్క ఆపలేదు.