కంచె వారగా కాసినవి

ఏం కనిపించిందో చెప్పు. కిటికీ వైపు కాదురా, నా చేతిలోకి చూడు. నీ కళ్ళెదుటే కోశాను కదా! లోపల ఏముంది? వేలు దూరేంత గుల్ల.

పదకొండు రోజులు ఉప్పునీళ్ళలో పులిసిన కీర దోసకాయ ఇది. కొరికితే ఫట్‌మనాలి. ఇదేమో తడిగుడ్డలా నలుగుతోంది. ఇలాంటివే ఆరు పీపాలు! మొన్న మన దగ్గర సరుకు కొనే హోటలాయన ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, మర్యాదగా రుమాల్లోకి ఊసేశాడు. తిట్టినా బాగుండేది.

ఆయన అటు వెళ్ళగానే నీ మీద పడ్డాను. పనివాళ్ళందరి ముందూ. నీళ్ళు సరిగ్గా పెట్టలేదన్నాను, ఊరబెట్టే ముందు పువ్వు రాలిన కొస కోయించలేదన్నాను, ముదిరిపోయాక తెంపావన్నాను. ఇవాళేమో తోట తాళాలు బల్ల మీద పడేసి చెప్పులేసుకుంటున్నావు.

ఆగు. అక్కని అడుగుతున్నా, రెండు నిమిషాలు కూర్చోలేవూ? ఆఁ, అలా. మొహం మాత్రం పీపాలోంచి తీసినట్టే పెట్టావు.

మనం ఊరబెట్టే పొట్టి రకం అంటే ఏంటి? ఒంటినిండా బొడిపెలు, గట్టి కండ, గింజలు తక్కువ. ఎన్నాళ్ళు ఊరినా బిగువు పోదు. పొడుగు రకమో? నున్నగా ఉంటుంది, పచ్చిగా తినడానికి బాగుంటుంది, ఉప్పునీళ్ళలో పడితే నీరుగారిపోతుంది. ఈ తేడా నీకు నేర్పిందెవరు? చేతులు పుళ్ళు పడ్డా ఇరవై ఏళ్ళు ఈ పీపాలు వదలనిదాన్ని, నాకు తెలియదూ!

మరి నా చేతిలో ఉన్న ఈ పొట్టి రకానికి బొడిపెలేవి?

అలా చూడకు. పోయినేడు నువ్వు చెప్పావు. "పక్క తోటవాళ్ళు పొడుగు రకం వేశారక్కా. కంచె వారగా కాసిన వాటి నుంచి విత్తనం తీయకు. కంచె మనకి గానీ పుప్పొడి మోసే తేనెటీగలకా?" అన్నావు. నాకు గుర్తు లేదనుకున్నావా?

విన్నాను. తలూపాను కూడా. కానీ ఆ కంచె వారగా ఎంతెంత కాయలురా! పండి, పసుపురంగు తిరిగి, ఒక్కోటి చేతికి బరువుగా... మనసు ఆగలేదు. నువ్వు సంతకెళ్ళిన రోజు నేనే తెంపాను. గింజలు కడిగి ఆరబెట్టి, పొట్లం మీద "పొట్టి రకం" అని నా చేత్తోనే రాశాను.

ఇంకోటి కూడా వినేసెయ్. పీపా మూత తీసి కాయ పట్టుకోగానే నాకు అర్థమైపోయింది. నిన్ను తిడుతున్నప్పుడు కూడా తెలుసు. తెలిసే తిట్టాను. హోటలాయన రుమాలు మడుస్తుంటే నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తప్పు నీ నెత్తిన రుద్దాను.

పనివాళ్ళు బయటే ఉన్నారు, నేనే పిలిచాను. వాళ్ళ ముందూ ఈ మాటే చెబుతాను.

అదిగో, డబ్బాలో ముందటేటి విత్తనం గుప్పెడు మిగిలింది. నాటాల్సింది ఈ వారమే. ఈసారి పొట్లం మీద పేరు నువ్వు రాస్తావా, మళ్ళీ నన్నే రాయమంటావా?