డంపర్ టైర్ల విమానం

దంతెవాడ దాటాక, ఇనుప గని కొండ కింద, లారీలకు నంబర్లు రాసే ఉప్పలయ్య రేకుల షెడ్డు. ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలు కాబోతున్న వారం. నేలమీద ఒక పలకరాయి. దానికి అటు ఉప్పలయ్య, ఇటు పక్క ఊరి కోస.

“రాయ్‌పూర్‌ల విమానం ఎక్కితే సరిపోదు ఉప్పలన్నా. ఢిల్లీల దిగి ఇంకోటి ఎక్కాలె. ఆడికెళ్లి సముద్రం దాటితే ఖతర్.”

“నాకేం ఎరుక కోసా. భద్రాచలం దాటి అవతలికి పోనోణ్ణి. పాస్‌పోర్టు లేకుండ ఎట్ల ఎక్కనిస్తరు?”

“అడిగినం గదా. ఠాణాల సాహెబ్ నవ్విండు. అడివోడికి ఫుట్‌బాల్ ఏంది, ఖతర్ ఏంది అన్నడు.”

“మరి?”

“మరేంది? మా కొండకు ఎవడన్న పాస్‌పోర్టు అడిగిండా? దినాం రైలెక్కి విశాఖ పోతది. ఆడ ఓడ ఎక్కుతది. దేశాలు దాటుతది. దాన్ని అడగనోళ్లు మమ్మల్ని ఎందుకు అడగాలె?”

“ఆ స్టేడియం ఇనుముల మీ కొండ గూడ ఉన్నదేమో.”

“ఉంటది. ముందే పోయి జాగా పట్టుకొని కూసున్నది. మేమే ఎనకబడ్డం.”

“టికెట్టు దొరికిందా అప్పట్ల?”

“యాడ! ఫోన్ల లైను కట్టాలంట. సిగ్నల్ కోసం నేనూ మా మంగు అన్న ఇప్పచెట్టు ఎక్కినం. మా ముందర లక్షల మంది ఉన్నరని చూపెట్టింది. అన్న చెట్టు మీదికెళ్లి దిగలే.”

“ఎందుకు?”

“దిగితే లైను పోతదని. మా వదిన లక్మే అన్నం మూట కట్టి తాడుతోటి పైకి పంపింది.”

“ఓరి మీ తెలివి! చెట్టు మీద లైనా!”

“నవ్వుకో. ఇప్పుడు బొమ్మల అన్న చేతిల టికెట్టు పెట్టు. గోల్ ఎనక సీటు. మంగు అన్నకు ఆడనే ఇష్టం.”

“పోయినోడికి గోల్ ఎనకైతేంది, మబ్బుల మీదైతేంది.”

“ఎగతాళి వద్దు. మా వాళ్లల చచ్చినోడికి రాయి నిలబెడితే, ఆయన దేని మీద పాణం పెట్టుకున్నడో ఆ బొమ్మ దాని మీద ఉండాలె. మా తాతకు కల్లు పారే జీలుగు చెట్టు గీసిర్రు. మా చిన్నాయినకు సైకిల్. మా అన్న ఖతర్ పోతా ఖతర్ పోతా అనుకుంటనే పోయిండు.”

“తెలుసు లేవయ్యా. మీ రాళ్లకు రంగులేసుకుంటనే నా జుట్టు నెరిసింది. ఇగో, విమానం గీసిన. చూడు.”

“టైర్లేవి?”

“గాల్లున్నప్పుడు లోపలికి ముడుచుకుంటయ్.”

“ఎవడు చెప్పిండు?”

“టీవీల చూసిన.”

“బయటికి తియ్యి. డంపర్ టైర్లు పెట్టు.”

“విమానానికి డంపర్ టైర్లా! లేస్తదా అది?”

“లేస్తది. మా అన్న బతుకంతా గనిల డంపర్ టైర్లు మార్చిండు. టైరు కనపడని బండి ఎక్కేటోడు కాదు. జగ్దల్‌పూర్ బస్సెక్కే ముందు గూడ కాలుతోటి తన్ని చూసేటోడు.”

“అవును. నా సైకిల్‌ను గూడ తన్నిండు ఒకనాడు. గాలి తక్కువున్నదని నన్నే తిట్టిండు. సరే, పెద్ద టైర్లే పెడత. చూసినోళ్లు నవ్వితే నవ్వనియ్.”

“కిటికీల రెండు తలకాయలు గియ్యి.”

“రెండోది ఎవలది?”

“గియ్యి నువ్వు.”

“పైలట్టా?”

“పైలట్ ముంగట కూసుంటడు. ఇది మా అన్న పక్కన.”

“అదే, ఎవలని అడుగుతున్న.”

“జెర్సీ ఎర్రమట్టి రంగు. ఇద్దరికీ.”

“అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి. ఎర్రమట్టి రంగుది ఏ దేశం లేదు కోసా.”

“మా ఊరిది. ఫైనల్ మా ఊరే ఆడుతది. అవతల ఎవల్నన్న పెట్టుకో.”

“గోల్స్?”

“మనయే ఎక్కువ.”

“ఎన్నని?”

“ఎక్కువ. అంతే.”

“మంచిగున్నది మీ మ్యాచ్. ఇగ రాయి ఏడ నిలబెడతరు? మీ రాళ్లన్నీ ఊరి బాట పొంట ఉంటయ్ గదా. ఆడికొచ్చి మిగిలిన రంగు కొడత.”

“బాట పొంట కాదు. గ్రౌండు నడుమ.”

“ఏ గ్రౌండు?”

“మా ఫుట్‌బాల్ గ్రౌండే. నువ్వు సున్నంతోటి గీతలు గీసేటోడివి గదా, ఆ గ్రౌండు. నడుమ గీత మీద.”

“కోసా… ఆడ గని మట్టి పోస్తరట. కంపెనీవోళ్లు జెండాలు పాతి పోయిర్రు.”

“సోమవారం మట్టి నెట్టే మిషన్ వస్తది. కాయితంల ఖాళీ జమీన్ అని రాసుకున్నరు. బంతి ఆడి గీరుకపోయిన మా అన్న మోకాలి తోలంతా ఆ జాగలనే ఉన్నది. ఖాళీ అంట, ఖాళీ!”

“దానికి ఈ రాయేం చేస్తది?”

“రాయి ఉన్న కాడ ఖాళీ అనరాదు. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. మిషన్ నడిపే జోగ మా ఊరోడు. రాయిని ముట్టడు.”

“జోగ ముట్టడు. బయటోణ్ణి పట్టుకొస్తరు. వాడికి మంగు ఎవలో, మీ రాయేందో ఏం ఎరుక? ఆపుతడా?”

“ఆపకపోవచ్చు.”

“తెలిసి గూడ?”

“తెలిసే.”

“నీకు తెలుగు మీ అమ్మ నేర్పింది, తెలంగాణ అంచున మరైగూడ ఆమె. ఈ మొండితనం ఎవలు నేర్పిర్రు?”

“ఆ కాయితం రాసినోళ్లే నేర్పిర్రు.”

“నా షెడ్డు గూడ కంపెనీ జాగలనే ఉన్నది. ఈ బొమ్మలు ఎవడు గీసిండని అడిగితే?”

“నీ పేరు చెప్పను.”

“చెప్పేదేంది? ఈ కొండ కింద రంగు డబ్బా పట్టేటోడు నేనొక్కణ్ణే.”

“భయమైతే విడువు అన్నా. నేనే బొగ్గుతోటి గీస్కుంట.”

“ఎవనికిరా భయం? ‘మీ భద్రతే మా బాధ్యత’ అని గని గేటు మీద రాసింది ఈ చెయ్యే. మంగు దగ్గుకుంట దగ్గుకుంట ఆ బోర్డు కిందికెళ్లే ఇంటికి పోయిండు. నాలుగో తరగతిల బడి మానేసినోణ్ణి, ఏం రాయమంటే అది రాసిన ఇన్నేండ్లు. ఇగ దీని కింద నా పేరు గూడ రాస్త, లారీల మీద రాసినట్టు. ఉప్పలయ్య పెయింటర్ అని. సదువుకోనియ్ వాళ్లను.”

“అన్నా…”

“అన్న లేదు గిన్న లేదు. తెల్లరంగు ఆరిపోతున్నది, పేరు చెప్పు. పైన మంగు. అంతే గదా?”

“దాని కింద కోస అని పెట్టు.”

“నీ పేరెందుకు? నిలబెట్టినోడి పేరు పెట్టరు మీరు.”

“పెట్టరు.”

“బతికున్నోడి పేరు అసలే పెట్టరు.”

“పెట్టరు. తెలుసు.”

“మరి… ఆ రెండో తలకాయ…”

“కిటికీ పక్క సీటు నాది. సోమవారం పొద్దుగాల ఆ రాయికి ఈపు ఆనిచ్చి కూసుంట. మిషన్ ఆగితే నా పేరు నీ చేతితోటే తుడిచెయ్యి అన్నా. ఆగకపోతే, మళ్ల ఇంకో రాయి తెచ్చే పని ఉండదు.”