మొగని తువ్వాల అప్పజెప్పుడు

ఇందుమూలముగా సభికులందరికీ తెలియజేయునది ఏమనగా: సమోసాలు మనిషికి రెండే, ఫ్యాను కింది కుర్చీ ముందుగాల కూసున్నోళ్లదే, నా ఉపన్యాసం నడుమ ఎవరి ఫోను మోగినా నేనే ఎత్తి మాట్లాడుత. (నవ్వులు)

అధ్యక్షులు డాక్టర్ నాగేందర్ సారుకు, నర్సమ్మలకు, మందుల కోసం బోధన్ నుంచి, సిరికొండ నుంచి వచ్చి నాతోని ఏండ్లసంది లైన్ల నిలబడ్డ అక్కలకు, చెల్లెండ్లకు ఈ రుక్మాబాయి దండాలు. మన హెచ్‌ఐవీ కౌన్సిలర్ ఉమారాణి మేడమ్ ఇయ్యాల రిటైరైతున్నది. ఏడో తరగతి కాడ ఆగిపోయిన నన్ను మాట్లాడుమన్నరు, తప్పు మీదే.

నాకు ఈ రోగమున్నదని తెలిసిననాటికి మొగడు పోయి, బీడీలు చుట్టుకుంట బతుకుతున్న. మేడమ్ నాకు జీతం లేని కొలువొకటి ఇచ్చింది: మొగని వేషం. రోగం సంగతి ఇంట్ల చెప్పనీకె భయపడే ఆడోళ్లు ముందుగాల మేడమ్ గదిల నాకు చెప్పి చూసుకోవాలె. నేను ఈ తువ్వాల భుజం మీద ఏసుకొని, కాళ్లు చాపుకొని, ఒకపారి కోపంగ, ఒకపారి మూగగ, ఒకపారి ఏడ్సుకుంట మొగన్నయ్యేదాన్ని.

లింగవ్వా, నీ కత చెప్పనా? తలకాయ ఊపింది, మీరే సాక్షి. "ఏమయ్యో, నీకొక మాట చెప్పాలె" అన్నది గదిల. "ముందు అన్నం పెట్టరాదే, తినుకుంట వింట" అన్న నేను. ఇంటికి పోయి చెప్పబోతే ఆమె మొగడు హన్మాండ్లన్న అచ్చం గదే మాట అన్నడట! లింగవ్వకు నవ్వాగలే. నవ్వుకుంటనే ఏడ్చింది, ఏడ్సుకుంటనే చెప్పింది. వారం తిరగకముందే హన్మాండ్లన్న రక్తపరీక్షకొచ్చి, నన్ను మీదికెల్లి కిందిదాంక చూసి, "నా వేషమేసేది ఈమెనేనా? నాకు గింత పొట్టున్నదా?" అన్నడు. (నవ్వులు)

అందరికీ గట్ల కాలే. ఒకామె బట్టలు వాకిట్ల పడ్డయి. పేరెందుకు. మేడమ్ పోయి ఆ బట్టలు ఏరి, మడతపెట్టి, ఆమెను తన ఇంటికి తోలుకపోయింది. "చెప్పుమన్నది నేనే గదా, సగంల ఎట్ల విడుస్త" అన్నది. కొట్టే మొగడైతే "ఇప్పుడే వద్దు, ముందు నీ పానం" అనేది. ఎవ్వరినీ తొందరపెట్టలే, నన్ను తప్ప.

ఎందుకంటె, చెరుకు ట్రాక్టర్ నడిపే లింబయ్య నన్ను చేసుకుంట అంటున్నడు. నేను గోళీలు తప్పకుండ మింగుతున్న. పరీక్షల వైరస్ కనబడ్తలేదు, గిట్లనే ఉంటె ఆయనకు అంటుకోదని సారే చెప్పిండు. అయినా తెలిసి చేసుకునుడు వేరు, తెల్వక చేసుకునుడు వేరు. "నేను పోయేలోపల నువ్వు చెప్పినవని వినాలె రుక్మా" అన్నది మేడమ్.

మొన్న బోధన్ బస్టాండు కాడ చాయ తాగుకుంట చెప్పిన. లింబయ్య సాసరు కింద పెట్టిండు. "గోళీ ఏ టైముకు ఏసుకుంటవ్? నేను యాది చేస్త" అన్నడు. (చప్పట్లు)

ఆగుండ్రి, చప్పట్లు ఆపుండ్రి. మేడమ్ కొంగుతోని కండ్లు తుడుచుకుంటున్నది. గా కండ్ల ముంగట అబద్ధం నిలుస్తలేదు.

చాయ నిజం. సాసరు నిజం. "ఏదో చెప్తనన్నవ్?" అని ఆయన అడిగింది నిజం. నేను "చాయల చక్కెర తక్కువైంది" అన్న, గంతే. గోళీ మాట లింబయ్య అనలే. అంటె బాగుండునని నేనే అల్లిన. గిందరు మొగండ్ల వేషమేసిన గని, ఆయన ఏమంటడో నాకు తెల్వది.

గేటు బయట బండి మీద నా కోసం కూసున్నడు. ఇది ఏం సభనో ఆయనకు తెల్వది. మేడమ్, ఈ తువ్వాల మీరే పట్టుకోండ్రి, నాకిగ వద్దు. నేను ఆయనకు చెప్పొచ్చేదాంక పోకుండ్రి. నా రెండు సమోసాలు తీసిపెట్టుండ్రి. ఆయన పేరు మీద ఇంకో రెండు పెట్టుండ్రి, తింటడో తినడో. ఓపికతోని విన్నందుకు అందరికీ శనార్తి. సెలవు.