పై అంతస్తు దాకా ఎక్కిన అధికారి

ఫిబ్రవరి పదకొండో తేదీన, తమ ఇరవై ఆరో ఏట, భవనాల ఇంధన ధ్రువీకరణ విభాగంలో సహాయ తనిఖీ అధికారిగా చేరిన పెద్దసారు ఈ నెలాఖరున ప్రధాన తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఏ భవనం ఎంత కరెంటుతో ఎంత చల్లగా ఉండగలదో లెక్కగట్టి దానికి గ్రేడు నిర్ణయించడం ఈ విభాగపు విధి. ఇల్లు కొనేవారు ఆ గ్రేడును నమ్మే కొంటారు.

తొలినాళ్లలో పెద్దసారు వేగానికి పెట్టింది పేరు. ఆనాటి పద్ధతీ అలాగే ఉండేది. బిల్డరు మధ్య అంతస్తులో నమూనా ఫ్లాటు ఒకటి సిద్ధం చేసి, తెరలు దించి, ఏసీ వేసి ఉంచేవాడు. అధికారులు అక్కడే కొలతలు తీసుకుని, మర్యాదకు ఇచ్చిన కాఫీ సేవించి, ఆ ఒక్క ఫ్లాటు గ్రేడునే భవనమంతటికీ వర్తింపజేసేవారు. పైకప్పు వేడి ఎవరి నెత్తిన పడుతుందో అడిగిన పాపాన పోలేదెవరూ. ఆ చురుకుదనానికే ఆయనకు పదోన్నతులు త్వరత్వరగా లభించాయి.

అలా ఆయన అత్యుత్తమ గ్రేడు ఇచ్చిన ఒక భవనంలోనే, తమ్ముడి సంతకం ఉందన్న భరోసాతో, ఆయన అక్కగారు ఆఖరి అంతస్తులో ఫ్లాటు కొన్నారు. ఒక వేసవి మధ్యాహ్నం ఆయన చూడబోయేసరికి, ఆమె మంచం వదిలి స్నానాలగది గడప దగ్గర చాప వేసుకుని, మెడకు తడిగుడ్డ చుట్టుకుని ఉన్నారు.

“ఈ ఏడు ఎండలు మండిపోతున్నాయిరా. ఇల్లు మాత్రం మంచిదే,” అన్నారామె గబగబా లేస్తూ.

ఇంతలో పక్కింటావిడ వచ్చి, ఆయనెవరో తెలియక, “ఏ మహానుభావుడో పైకి ఎక్కకుండానే సంతకం గీకి పారేశాడండీ! దొరికితే ఒక్క పూట ఈ గదిలో కూర్చోబెడదును,” అన్నారు.

“ఊరుకోండమ్మా, మా తమ్ముడికి మంచినీళ్లైనా ఇవ్వనివ్వండి,” అంటూ అక్కగారు మాట దాటేశారు.

పెద్దసారుకు తల ఎత్తే మొహం లేకపోయింది. పొరుగావిడ తిట్టు కంటే అక్క తనను కాపాడిన తీరుకే ఆయన సిగ్గుతో చచ్చిపోయారు.

మరునాడే ఆయన తామిచ్చిన ధ్రువపత్రాన్ని తామే రద్దు చేశారు. “ఆఫీసు పరువు పోతుంది సార్,” అని సిబ్బంది బతిమాలితే, “పోనీవయ్యా, పోవలసిందే,” అన్నారు. బిల్డరు వెంటపడి ఆ కప్పు మీద వేడిని ఆపే పొర వేయించేదాకా వదలలేదు. ఏసీ ఆపించి, మిట్టమధ్యాహ్నం, ఆఖరి అంతస్తులోని పడమటి గదిలో కొలతలు తీసుకోవాలన్న నేటి నిబంధన ఆయన చలవే. మోకాళ్లు మొరాయిస్తున్నా ఆ మెట్లెక్కడం ఇంకొకరికి అప్పగించలేదు.

ఇంత చేసినా ఆ సిగ్గు ఆయనను వదలలేదు. సన్మానపత్రంలో ‘మచ్చలేని సేవ’ అన్న మాటను స్వహస్తాలతో కొట్టివేశారు. అక్కగారి గడప మళ్లీ తొక్కలేదు. చూడాలనిపిస్తే ఆమే వస్తారు. మా ఆఫీసు పత్రిక ఈ వీడ్కోలు సంచిక కోసం నాలుగు మాటలు చెప్పమని కోరితే ఆమె అన్నది ఇంతే: “ఇల్లు ఎప్పుడో చల్లబడిందని మా వాడికి చెప్పండి. తల దించుకునే రానీ, నేనుండగా ఒక్కసారి రమ్మనండి.”

ఆ మెట్లన్నీ ఎక్కగల ఆరోగ్యం పెద్దసారుకు, అందాకా ఎదురుచూడగల దీర్ఘాయువు ఆయన అక్కగారికి కలగాలని సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష.