సోమవారం గుళికలు

హలో… ఆ, నేనే. హన్మంతునే… సుభాష్ సారా? జర గట్టిగ చెప్పున్రి, ఇక్కడ మైకు మోగుతుంది… మరిపెడల. దీక్ష టెంటు కాడ…

ఎక్కడుండాల్నో నాకు ఎర్కనే సార్. రెండు దినాలని తండకొచ్చిన. బస్సులు బందైనయి, రైళ్లు బందైనయి… ఆ, సరే, నిజమే చెప్త. బస్సులు నడిచినా రాకపోదును. తెలంగాణ కోసం అందరు సమ్మెల ఉన్నరు, నేనూ ఉన్న.

ఏంది?… పేపర్ల ఫొటో వడాలని కూసున్ననా?… గట్లనే అనుకోన్రి. దండేసి కూసోవెడ్తున్రు, ఫొటో తీస్తున్రు, పేర్లు గుడ ఏస్తున్రు. మీకెందుకు కడుపుమంట?

నా మాట సమజైతలేదా? ఏడేండ్ల సంది మీ గోల్ఫు మైదానంల గడ్డి మేస్త్రి పని జేస్తున్న. అప్పుడు సమజైంది గదా.

సరే, పనేందో చెప్పున్రి. మీరు ఉత్తగ ఫోన్ జెయ్యరు…

ఏం సచ్చినయి?

నెమళ్లా… ఎన్ని?… తొమ్మిదా… కుంట కాడ… అయ్యో. పిల్లల తల్లి ఉన్నదా అండ్ల?… కుంటి కాలుది సార్. నాలుగు పిల్లలేసుకొని తిరిగేది… మీకు తెల్వదు. మేనేజరై హైదరాబాదుకెల్లి రోజూ వస్తరు, పోతరు, ఒక్క పిట్టను నదరు వెట్టి సూడకపోతిరి.

ఎట్ల సచ్చినయి?… రోగమా? తొమ్మిదింటికి ఒక్కనాడే వచ్చిందా రోగం?… నాకు కథలు చెప్పకున్రి. గడ్డిల ఏం జల్లిన్రు?

ఏం జల్లిన్రని అడుగుతున్న…

గుళికలా.

… వరి పొలంల ఏసే గుళికల మందు. దాన్ని పొడిగడ్డి మీద జల్లిన్రా?… వానపాముల కోసం… ఆ, తెల్సు తెల్సు. వాన వడ్డంక అవి మట్టి పైకి తోడ్తయి, చిన్న చిన్న కుప్పలైతయి, బంతి వంకర వోతది. పోటీలు దగ్గరవడ్డయని మీ తొందర. నేనేం చెప్పిన? మట్టి ఆరినంక పొడుగు వెదురు బద్దతోని గడ్డి మీద కొట్టాలె, దుమ్ములెక్క రాలిపోతది అన్న. ఏడేండ్లు గట్లనే జేసిన. నేను లేకపోతే ఆ బద్ద వట్టేటోడే దొరకలేదా మీకు?

పొలంల గుళికలు జల్లితే నీళ్లు నిలవెడ్తం సార్. కరిగి మట్టిల వడ్తయి. మీ గుండు గీకినట్టున్న గడ్డి మీద జల్లితే గింజల్లెక్క పైననే ఉంటయి. నెమలికేం ఎర్క? జొన్నలనుకొని ఏరుక తిన్నది. నాకు కడుపు మండుతుంది సార్, ఏమన్న అనుకోన్రి.

ఎవరు జల్లిన్రు?

…

ఏంది?… మల్లొకసారి అనున్రి… నేనా?

ఫారెస్టోల్లకు గట్ల చెప్పిన్రా… రాసిచ్చిన్రు గుడనా. ఏమని రాసిన్రు? సదువున్రి… సదువున్రి, రేపు వాళ్లు నన్నడిగితే నేనేం చెప్పాల్నో తెల్వాలె గదా… ఆ… "గడ్డి మేస్త్రి హన్మంతు నాకు చెప్పకుండ"… ఆ… ఏ దినం?… మొన్న సోమవారం. పొద్దుగాలనా, మాపటీలా?… పొద్దుగాల తొమ్మిదింటికి. మీ కండ్లార సూసిన్రా?… గట్లనే రాసిన్రు. కింద సంతకం?… మీదే. కాయితం ఇచ్చేసిన్రా?… నిన్ననే ఇచ్చిన్రు.

మంచిది.

లేదు సార్, నవ్వుతలేను. చెప్పున్రి, ఇంటున్న…

ఆ… నేనొచ్చి ఒప్పుకోవాలె. తప్పైందని దండం వెట్టాలె. జామీను మీరిప్పిస్తరు, మల్ల పనిల వెట్టుకుంటరు… నెమలిని సంపితే జైలు సార్. గంత అల్కటి పనైతే మీరే వోరాదు?

… ఏమన్నరు?

మా తండోల్లు నెమళ్లను కోసుక తింటరా? గట్ల చెప్తే అందరు నమ్ముతరా?… గా మాట ఇంకోసారి నోట్లెకెల్లి రానియ్యకున్రి. మీ మైదానంల వల వెట్టినోల్లను ఉరికిచ్చి పట్టిందెవరు? నేను. తీతువ పిట్ట గడ్డిల గుడ్లు వెడ్తే, చుట్టు పుల్లలు పాతి, ఎర్ర పేలిక గట్టి, కోత మిషను అటు వోకుండ సూసిందెవరు? నేనూ, నా పెండ్లాం చాందీ. అప్పుడు మీరేమన్నరు? మనిషి అడుగువెడ్తే సాలు అరుస్తది, దరిద్రపు పిట్ట, గుడ్లు వలగ్గొట్టున్రి అన్నరు. మేం కొట్టలే.

… ఆ, నేనుంటే సావకపోతుండె. గది నిజం. వచ్చేటప్పుడు ఆ బద్ద ఒక్కల చేతుల వెట్టి, గిట్ల కొట్టాలె అని సూపెట్టి రావాల్సుండె. రాలే. గా పాపం నాకు తగుల్తది, నేను కాదంటలేను. గని గుళికలు జల్లుమన్న నోరు మీది.

… బెదిరిస్తున్నరా?… లోపలేయిస్తరు. తండోని మాట ఎవ్వలు ఇనరు, మేనేజరు మాటింటరు. గదే గదా మీ ధైర్యం.

ఒక్క నిమిషం ఆగున్రి… పెట్టేయకున్రి.

వీరేందరన్నా, మైకు జర ఆపి మంగళారం నాటి జిల్లా పేపరు ఇటియ్యి. దండల ఫొటో ఉన్నది సూడు… ఆ, గదే. ఫొటో కిందిది నువ్వే సదువు. గట్టిగ, ఫోన్ల ఇనవడాలె…

ఇన్నరా సార్? సోమవారం దీక్షల కూసున్నోల్ల పేర్లు. మూడో పేరు ఎవలది?… బానోతు హన్మంతు. ఎడమ దిక్కుకెల్లి మూడోటోన్ని, టవాల మీద దండ వడ్డోన్ని. పొద్దుగాల ఎనిమిదింటికి దండేసిన్రు, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగిపిచ్చిన్రు. పది గొట్టంగ ఎస్సై వచ్చి మా అందరి పేర్లు రాసుకపోయిండు, మా మీద కేసు వెడ్తానికి. ఆయన కాడ గుడ నా పేరున్నది. మరిపెడకెల్లి మీ మైదానం ఎంత దూరం సార్? బస్సు లేదు, రైలు లేదు. తొమ్మిదింటికి మీ కండ్లకు నేనెట్ల కనవడ్డ?

…

తారీఖు తప్పు వడ్డదా… మంగళారమా? మంగళారం అని మార్చి రాస్తరా? ఎట్ల మారుస్తరు, కాయితం మీ చేతుల లేకపాయె.

… వద్దు. హన్మంతన్నా అనకున్రి. ఏడేండ్లు ఒరేయ్ అన్నరు, గదే నయముండె.

పని పోతే పోనీ. నేనొస్త. మీ కాడికి గాదు, ఫారెస్టోల్ల కాడికి. నడిచైనా వస్త, పేపరు వట్టుకొనొస్త…

సార్, మీరు ఎక్కడ నిలవడి మాట్లాడుతున్నరు?… కుంట కాడనా. తూము దిక్కు ఎర్ర పేలిక కనవడ్తుందా?… అటు నాలుగడుగులు నడువున్రి… నడువున్రి, ఎందుకో చెప్త…

ఇంకో రెండు…

అరుస్తలేదు.

… తీతువ సార్. దాని గుడ్ల కాడికి వోయిన్రు మీరు. ఇంత దగ్గరకొస్తే నెత్తి మీద తిరుక్కుంట అరవాలె. గుడ్లున్నయా?… నాలుగున్నయా. పిట్ట లేదు… చుట్టు సూడున్రి, గడ్డిల సూడున్రి… ఏమైంది?… పిట్ట వడి ఉన్నదా?… సార్… హలో…

కట్ జేసిండన్నా.

… ఏం లేదు. గా పేపరు ఇటియ్యి, కవర్ల వెట్టుకుంట.